గేమ్ తయారీ శిక్షణకు డిగ్రీ షరతు వద్దు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

నేను పన్నెండేళ్లుగా హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే పనిలో ఉన్నాను. పాలిటెక్నిక్ డిప్లొమా తప్ప నాకు డిగ్రీ లేదు. ఒకప్పుడు ఉద్యోగం కోసం స్టూడియోల చుట్టూ తిరిగిన నేనే ఇప్పుడు మా స్టూడియోలో కొత్తవారిని ఎంపిక చేసేవారిలో ఒకణ్ని. ఆ అనుభవంతో తమను కోరేది ఒక్కటే: ప్రభుత్వ ఖర్చుతో ఈ రంగంలో ఇచ్చే శిక్షణకైనా, ఆర్థిక సాయానికైనా అర్హత నిర్ణయించేటప్పుడు, డిగ్రీ లేనివారి విషయంలో వారు స్వయంగా పూర్తిచేసిన ఆటను గాని, పోర్ట్‌ఫోలియోను (తాము చేసిన పనుల నమూనాల సంకలనాన్ని) గాని దానికి బదులుగా అంగీకరించండి.

మాకు దరఖాస్తు వస్తే ముందుగా తెరిచేది అందులోని ఆట లేదా పోర్ట్‌ఫోలియో లింకునే. ప్రోగ్రామర్ అయితే ఆట ఆడి చూసి, ఆపైన కోడ్ చదువుతాం. ఆర్టిస్ట్ అయితే 3డి మోడల్ వైర్‌ఫ్రేమ్ (దాని గీతల చట్రం) చూపించమంటాం, ఎందుకంటే పైకి ఎంత అందంగా ఉన్నా లోపల పాలిగన్ల (మోడల్‌ను కూర్చే చిన్న చిన్న పలకల) అమరిక అడ్డదిడ్డంగా ఉంటే, రిగ్గింగ్ చేసి (కదలడానికి ఎముకల్లాంటి చట్రం అమర్చి) మోచేయి వంచగానే ఆ చేయి నలిగిన కాగితంలా ముడుచుకుపోతుంది. మార్కుల జాబితా చూస్తే ఈ లోపం తెలియదు.

ఆమధ్య ఇంటర్వ్యూకి వచ్చిన ఒక బీటెక్ పట్టభద్రుణ్ని, అతని ఫైనలియర్ ప్రాజెక్టులో తూటా గోడను దాటి అవతలికి ఎందుకు పోతోందని అడిగితే చెప్పలేకపోయాడు. (అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు ఎలా దొరుకుతాయో తమకు తెలియనిది కాదు.) అదే వారం, ఇంటర్‌తో చదువు ఆపేసిన ఒక అమ్మాయి గోడో (Godot) అనే గేమ్ ఇంజిన్‌లో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, చేసిన చిన్న ఆటను చూపించి, వేగంగా కదిలే వస్తువు ఒక ఫ్రేములో గోడకు ఇవతల, మరుసటి ఫ్రేములో అవతల ఉంటుందనీ, ఆ మధ్యలో తాకిడిని తనిఖీ చేసే క్షణమే ఉండదనీ, తాను దాన్ని ఎలా సరిచేసిందీ కాగితం మీద గీసి వివరించింది. అయినా మా కంపెనీ దరఖాస్తు ఫారంలో డిగ్రీ గడి ఖాళీగా ఉన్నందువల్ల ఆమెను ప్రోగ్రామర్‌గా తీసుకోలేకపోయి, కాంట్రాక్టు మీద టెస్టర్‌గా తీసుకున్నాం. ప్రోగ్రామింగ్ బృందంలోకి రావడానికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. ప్రైవేటు కంపెనీల ఫారాలను తాము మార్చలేరు గాని, ప్రభుత్వ ఫారాల్లోనైనా ఆ గడి అడ్డం రాకుండా చూడగలరు.

డిగ్రీ వృథా అని నేను అనడం లేదు. ఇంజిన్ లోపలి పని చేయాలంటే వెక్టార్లు, మాత్రికలు, మెమరీ నిర్వహణ క్షుణ్ణంగా రావాలి, వాటికి మంచి కళాశాల మంచి చోటే. అమెరికా వెళ్లాలనుకునేవారికి హెచ్-1బి వీసా బ్యాచిలర్ డిగ్రీని గాని, దానికి సమానమైన అనుభవాన్ని గాని అడుగుతుంది. ఆ లెక్కలో మూడేళ్ల అనుభవం ఒక ఏడాది చదువుకు సమానం. ఈ రంగం నిలకడైనదని కూడా చెప్పలేను: 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తొలగించింది, వారిలో గొప్ప డిగ్రీలున్నవారు లేకపోలేదు.

నేర్చుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని ఇప్పుడు లేదు. 3డి మోడళ్లు చేసే బ్లెండర్, పైన చెప్పిన గోడో పూర్తిగా ఉచితం. మరో గేమ్ ఇంజిన్ అయిన అన్‌రియల్, ఒక ఆట పది లక్షల డాలర్లు సంపాదించేదాకా రాయల్టీ అడగదు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒక ఆటను పెట్టడానికి 100 డాలర్లు, గూగుల్ ప్లేలో ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు చాలు. లేనిదల్లా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు, తప్పు చూపించే మనిషి. జిల్లాల్లోని ఐటీఐ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో కొన్నింటినైనా సాయంత్రం వేళ బయటివారికి తెరిచి, పనిచేస్తున్న డెవలపర్లను వారానికోసారి అక్కడికి రప్పించగలిగితే ఈ కొరత చాలావరకు తీరుతుంది. రావడానికి నేను సిద్ధం, నాలాంటివారు ఇంకొందరున్నారు. అలాగే లక్షల్లో ఫీజులు తీసుకుని 'నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డులు పెట్టే ప్రైవేటు గేమింగ్ కోర్సులు, ఏ ఏడాది ఎందరికి ఏ పనిలో ఉద్యోగం వచ్చిందో ప్రకటించేలా నిబంధన పెట్టండి. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రులను నేను చూశాను.

ఇంకో చిన్న మాట. మన ఇళ్లలో గేమింగ్ అంటే ఇప్పటికీ రమ్మీయే. మా అమ్మ బంధువులకు నేను 'సాఫ్ట్‌వేర్' అనే చెబుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. ప్రభుత్వ ప్రకటనల్లో 'గేమింగ్' అని ఊరుకోకుండా 'గేమ్ తయారీ' అని రాస్తే, పిల్లల్ని ఇటు పంపడానికి తల్లిదండ్రులకు భయం తగ్గుతుంది.

రాయదుర్గంలో ఇమేజ్ టవర్ అనే భవనాన్ని తలపెట్టింది యానిమేషన్‌తో పాటు ఈ రంగం కోసమే. 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. ఆ విశ్వవిద్యాలయం గేమ్ తయారీలో కోర్సు పెడితే, మొదటి బ్యాచ్‌లో కొన్ని సీట్లనైనా ఏ సర్టిఫికెట్టూ అడగకుండా, ఆడి చూడదగిన ఆటతో వచ్చినవారికి కేటాయించండి. ఆ ఆటలను పరీక్షించే కమిటీలో జీతం లేకుండా కూర్చుంటాను.

భవదీయుడు,
ఒక గేమ్ డెవలపర్,
హైదరాబాదు