క్రమశిక్షణ నేర్పే ఉస్తాదులను ముందు సిద్ధం చేయాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

యువతను నాలుగేళ్లకు సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించినప్పటి నుంచి పత్రికల్లో సాగుతున్న చర్చ చాలావరకు ఉద్యోగ భద్రత, పింఛను చుట్టూనే తిరుగుతోంది. అది అవసరమైన చర్చే. అయితే 28 ఏళ్లు సైన్యంలో పనిచేసి, అందులో మూడేళ్లు కొత్త కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, సుబేదారుగా రిటైరైన నన్ను మరో ప్రశ్న వేధిస్తోంది. ఆ కుర్రాళ్లకు నేర్పేవాళ్లను మనం ఎంత శ్రద్ధగా ఎంచుకుంటున్నాం?

సైన్యంలో శిక్షకుణ్ని ఉస్తాద్ అంటారు. తెల్లవారకముందే నిద్రలేపేదీ, రాత్రి రోల్‌కాల్‌లో తలలు లెక్కపెట్టేదీ ఆయనే. నేను ఉస్తాదుగా వెళ్లిన కొత్తలో మా స్క్వాడ్‌లో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడుండేవాడు. హిందీ ముక్క రాదు. ‘దాహినే ముడ్’ (కుడికి తిరుగు) అంటే ఎడమకు తిరిగేవాడు. మొండికేస్తున్నాడనుకుని కంకర నేల మీద ఫ్రంట్ రోల్స్ చేయించాను. మోచేతులు దోక్కుపోయి చొక్కాకు నెత్తురంటింది. తెలుగువాణ్నై ఉండి కూడా అతనికి మన భాషలో ఒక్క మాట చెప్పాలని నాకు తోచలేదు. చెప్పింది ఒక పంజాబీ హవల్దారు, అదీ చేతులతో. సాయంత్రం రైఫిళ్లు కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమచేసే ముందు దొరికే అరగంటలో ఆయన గ్రౌండ్‌షీట్ పరిచి, ఇన్సాస్ రైఫిల్ విప్పి, పిస్టన్, బ్రీచ్ బ్లాక్, స్ప్రింగ్ ఒక్కొక్కటే ఆ కుర్రాడి అరచేతిలో పెట్టి పేరు పలికించేవాడు. కొన్ని వారాలకు ఆ కుర్రాడే కళ్లకు గంతలు కట్టుకుని స్క్వాడ్‌లో అందరికన్నా ముందు రైఫిల్ బిగించాడు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

డ్రిల్ కోర్సు, ఆయుధాల కోర్సు పాసైనంత మాత్రాన పాఠం చెప్పడం వచ్చేసినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. పైగా పనిమంతుణ్ని తన దగ్గరే ఉంచుకుని, ఎవరు లేకపోయినా పని ఆగదో వాళ్లనే శిక్షణకు పంపే యూనిట్లను నా సర్వీసులో చూశాను.

ఇప్పుడు ఈ లోపం మరింత ప్రమాదకరం. అగ్నిపథ్‌లో చేరే అగ్నివీరుల శిక్షణ కూడా ఆ నాలుగేళ్లలోనే ముగియాలి. చివరికి 25 శాతం మందికి మించి ఉంచుకోరు. ఆ ఎంపిక వాళ్ల పనితీరు మీదే ఆధారపడుతుంది. అలాంటప్పుడు దెబ్బ తిన్న కుర్రాడు నోరు విప్పుతాడా? కింది ఉద్యోగిని కొట్టినా, హింసించినా ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చని 1950 నాటి సైనిక చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి నా స్క్వాడ్‌లో ఒక్కరికీ తెలియదు. నేను రంగ్రూటుగా, అంటే కొత్తగా చేరి శిక్షణలో ఉన్నప్పుడు నాకూ తెలియదు.

అమెరికాలోని పారిస్ ఐలాండ్ శిక్షణ కేంద్రంలో 1956 ఏప్రిల్ 8 రాత్రి, క్రమశిక్షణ నేర్పుతానని ఒక శిక్షకుడు తన ప్లాటూన్‌ను వాగులోకి నడిపించగా ఆరుగురు కుర్రాళ్లు మునిగి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి మెరైన్ దళం శిక్షకుల ఎంపికను కట్టుదిట్టం చేసి, వాళ్ల మీద అధికారుల పర్యవేక్షణ పెంచింది. మనం అలాంటి రాత్రి కోసం ఎదురుచూడనక్కర్లేదు.

కఠినత్వం వద్దని నేను అనడం లేదు. బరువు మోయాలి, నిద్ర మానాలి, ఆజ్ఞ వినగానే కాలు కదలాలి. లేకపోతే సరిహద్దులో పక్కవాడి ప్రాణం పోతుంది. కానీ నేర్చుకోనివాడెవరో, అర్థంకానివాడెవరో పోల్చుకోగల చూపు ఉస్తాదుకు ఉండాలి. అందుకే యూనిట్‌లోని అత్యుత్తమ హవల్దార్లనే శిక్షణ కేంద్రాలకు పంపి, ఆ మూడేళ్లకు ప్రమోషన్‌లో తగిన విలువ ఇవ్వాలని, 47వ సెక్షన్‌ను తెలుగుతో సహా రంగ్రూట్ల భాషలన్నింటిలో రాయించి ప్రతి బ్యారక్‌లో అంటించాలని మీ పత్రిక ద్వారా రక్షణ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదారు,
విజయనగరం జిల్లా