ప్రిన్సిపాల్ ఉత్తరం: పదకొండో తరగతిలో ఎలిజబెత్ రాణి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల సమావేశం అయిపోయాక ఒక తండ్రిగారు ఆగి, "మేడమ్, ఇంటి పక్కన కుతుబ్ షాహీల కోట పెట్టుకుని, మా అబ్బాయి ఎప్పటిదో ఇంగ్లండు రాణి గురించి ఎందుకు చదవాలి?" అని అడిగారు. సిలబస్‌లో ఉందండీ అన్నాను. ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ నెల ఉత్తరం ఆ పాఠం గురించి. వార్షికోత్సవం, బస్సు వేళల సంగతులు వెనక పేజీలో ఉన్నాయి.

మొన్న ఆ తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాను. చరిత్ర టీచర్ బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. చర్చిలో ప్రభు భోజనం రొట్టె ఇచ్చేటప్పుడు గురువు పలికే మాటలు అవి. 1549 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం అది క్రీస్తు శరీరం. 1552 నాటి పుస్తకం ప్రకారం క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ తినవలసిన రొట్టె. ఆ తర్వాత గద్దెనెక్కిన క్యాథలిక్ రాణి మేరీ కాలంలో ఇలాంటి తేడాల మీదే 280 మందికి పైగా ప్రొటెస్టెంట్లను సజీవంగా దహనం చేశారు. 1558లో 25 ఏళ్ల వయసులో రాజ్యానికి వచ్చిన ఎలిజబెత్ ఏ వాక్యం ఉంచాలి? పిల్లలు రెండు జట్లుగా చీలి వాదించారు. చివరికి టీచర్ 1559 పుస్తకం చూపించారు. అందులో రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు వినవచ్చు. ఒక అమ్మాయి వెంటనే, "మా అక్క శుభలేఖలో ఎవరి పేరు ముందు వేయాలనే గొడవను మా తాతయ్య ఇలాగే తేల్చారు" అంది. అంతకంటే మంచి వివరణ నాకు తోచలేదు.

ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ తనను చర్చికి "శిరస్సు" అని పిలిపించుకున్నాడు. ఈమె "పాలకురాలు" అనే బిరుదుతో సరిపెట్టుకుంది. అంత జాగ్రత్తపడినా, ఆ 1559 పుస్తకాన్ని తప్పనిసరి చేసిన కొత్త ఆరాధన చట్టం పార్లమెంటులోని ప్రభువుల సభలో మూడంటే మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది.

ఇక్కడితో ఆపితే రాణి గారు ఉదారంగా కనిపిస్తారు. మేము ఆపడం లేదు. ఆదివారం చర్చికి రానివాళ్లకు అదే చట్టం 12 పెన్నీల జరిమానా వేసింది. 1570లో పోప్ ఆమెను వెలివేసి, ప్రజలు ఆమెకు లోబడనక్కర్లేదని ప్రకటించాక పట్టు బిగిసింది. 1581లో జరిమానా నెలకు 20 పౌండ్లు అయింది. విదేశాల్లో దీక్ష పొందిన క్యాథలిక్ గురువు ఇంగ్లండులో అడుగుపెడితే చాలు, రాజద్రోహమని 1585 చట్టం చెప్పింది. మతం పాఠం చెబుతున్నారా అని ఫోను చేసిన ఇద్దరికీ ఇదే నా జవాబు: ఎవరి విశ్వాసం గొప్పదో మేము తేల్చడం లేదు. అధికారం ఏం చేసింది, ఏ భయంతో చేసింది అన్నదే పాఠం.

విదేశాంగ విధానం పాఠానికి టీచర్ ఒక నియమం పెట్టారు. "మీరిప్పుడు 1585లో ఉన్నారు. ఆర్మడా అన్న మాట ఎవరి నోట వస్తే వాళ్లు బోర్డు తుడవాలి." ఆర్మడా అంటే 1588లో ఇంగ్లండు మీదికి స్పెయిన్ పంపిన యుద్ధ నౌకల దండు; 1585లో ఉన్నవాళ్లకు అది తెలియదు కదా. స్పెయిన్ రాజు ఫిలిప్ మీద తిరగబడిన డచ్ వాళ్ల (ఇప్పటి నెదర్లాండ్స్ ప్రజల) నాయకుడు ఏడాది కిందటే హతుడయ్యాడు. వాళ్ల పెద్ద రేవు పట్టణం ఆంట్‌వెర్ప్ చేజారుతోంది. మా దేశాన్ని మీరే ఏలుకోండి అని డచ్ వాళ్లు కాళ్లావేళ్లా పడుతున్నారు. సైన్యం పంపాలా? తరగతిలో 11 మంది వద్దన్నారు, 9 మంది పంపాలన్నారు. అసలు రాణి ఏం చేసిందంటే, కిరీటం వద్దంది, ఏడు వేలకు పైగా సైన్యం పంపుతానని ఒప్పందం చేసుకుంది, ఖర్చుకు పూచీగా ఫ్లషింగ్, బ్రిల్ పట్టణాలను తాకట్టు పెట్టించుకుంది. తాకట్టు మాట వినగానే తరగతంతా నవ్వింది. ఆ గంటలో బోర్డు మూడుసార్లు తుడవాల్సి వచ్చింది. ఒకసారి తుడిచింది నేనే.

ఒక చిన్న మనవి. ఆర్మడా వచ్చినప్పుడు ఇంగ్లండులోని టిల్బరీలో సైనికులకు రాణి చేసిన ప్రసంగాన్ని కొందరు పిల్లలు వీడియోల్లో చూసి అప్పజెబుతున్నారు. అందరికీ తెలిసిన ఆ ప్రసంగం మాటలు 1654లో అచ్చయిన ఒక ఉత్తరంలోనివి. అంటే ఆమె పోయిన 51 ఏళ్లకు. వ్యాసంలో దాన్ని వాడితే ఆ సంగతి కూడా రాయాలి.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. తూర్పు దేశాలతో వర్తకానికి అనుమతి ఇమ్మని లండన్ వర్తకులు 1599లోనే అడిగారు. స్పెయిన్‌తో సంధి మాటలు నడుస్తున్నాయని రాణి సలహా మండలి ఆపింది. ఆ మాటలు తెగిపోయాక, 1600 డిసెంబర్ 31న, ఈస్ట్ ఇండియా కంపెనీకి అనుమతిపత్రం దక్కింది. 1611లో ఆ కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. ఆ రేవు అప్పుడు గోల్కొండ కుతుబ్ షాహీలదే. మీ అబ్బాయికి వచ్చే వారం పాఠం అదేనండీ.

"1585లో యుద్ధానికి దిగడం తప్ప ఎలిజబెత్‌కు వేరే దారి లేదు. ఎంతవరకు ఒప్పుకుంటావు?" అన్న వ్యాసాన్ని పిల్లలు శుక్రవారానికి ఇవ్వాలి, చేతిరాతతో. కిందటి ఏడాది మూడు వ్యాసాల్లో తండ్రుల దస్తూరీ గుర్తుపట్టాం. ఒకటి నిజంగా బాగుంది, కానీ మార్కులు వేయలేదు.

ఇట్లు,
మీ ప్రిన్సిపాల్