నాలుగో బోరు

చిత్తూరు,
ఆదివారం ఉదయం.

చిరంజీవి సుధకు మీ నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. రెండు రోజులుగా ముసురు పట్టింది. మోకాళ్ళ నొప్పులతోనే మీ అమ్మ కాణిపాకం వెళ్ళివచ్చింది. దీపావళికి వచ్చినప్పుడు నువ్వు మరచిపోయిన నోటుపుస్తకం నా బల్ల మీదే ఉంది. సంగతులు పూర్తిగా తెలియనప్పుడు యంత్రం ఎలా నేర్చుకోవాలి, ఎలా నిర్ణయించుకోవాలి అని నువ్వు రాసుకున్నదంతా రోజుకు రెండు పుటల చొప్పున చదువుతున్నాను. నువ్వు ఫోను చేసి 23 రోజులయిందన్నది వేరే సంగతి.

గణితవేత్త థామస్ బేయస్ చనిపోయిన రెండేళ్ళకు, 1763లో, ఆయన మిత్రుడు రిచర్డ్ ప్రైస్ వెలువరించిన వ్యాసం దగ్గర చాలాసేపు ఆగాను. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత నమ్మకాన్ని ఎంత మార్చుకోవాలన్నదే కదా నీ చదువంతా. మొన్న వాసు వచ్చి, సుధ పరిశోధన మానేస్తుందట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు పనిలో మునిగినా ఫోను చేయవు, జ్వరం వచ్చినా చేయవు, మనసు బాగాలేకపోయినా చేయవు. అన్నింటికీ ఒకేలా కనిపించే గుర్తును బట్టి ఏది నిజమో తేల్చలేం. ఆ మాట ఎక్కడిదని వాసును అడిగితే మీ పిన్ని చెప్పిందన్నాడు. పిన్నికి చెప్పింది మీ అమ్మ. అమ్మ చెప్పిందల్లా నువ్వు ఫోను చేయడం లేదనే. నీ మౌనమే ఇంటింటికీ తిరిగి కొత్త వార్తయి నా దగ్గరకు వచ్చిందన్నమాట. ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కించిన ఏజెంటు, అంటే తనంతట తాను నిర్ణయించుకునే యంత్రం, లేని నిశ్చయం తెచ్చుకుంటుందని నువ్వే ఎర్రసిరాతో రాసుకున్నావు.

బంగారుపాళ్యం చేను బోర్ల సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ తాత మొదటి బోరు మామిడిచెట్ల పక్కన వేయించారు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపిస్తే, ఆ కాయ నిటారుగా లేచిన చోటు మొదటి బోరుకు ఇరవై అడుగుల దూరం కూడా లేదు. అక్కడా దుమ్మే. రెండుసార్లు తప్పింది గనుక ఈసారి పడి తీరుతుందని మూడోది ఆ రెండింటి నడుమనే వేయించారు. మీ అవ్వ గాజులు కుదువకు వెళ్ళాయి. మన నేల కింద గట్టి బండ, నీళ్ళుంటే దాని పగుళ్ళలోనే ఉంటాయి. పక్కపక్కన మూడు బోర్లు వేయడమంటే ఒకే ప్రశ్న మూడుసార్లు అడగడమే. నాలుగోది ఎవరమూ పట్టించుకోని చెరువుకట్ట వైపు వేస్తే, 260 అడుగుల దగ్గర బురదనీళ్ళు ఎగజిమ్మాయి. బోరుబండి వాళ్ళతో సహా అందరం తడిసిపోయాం. కొద్ది చోట్ల తీసిన నమూనాలను బట్టి తవ్వని చోట బంగారం ఎంతుంటుందో అంచనా కట్టడం గురించి దక్షిణాఫ్రికా గని ఇంజనీరు డేనీ క్రిగె 1951లో రాశాడనీ, తెలియని విలువలను అంచనా కట్టడానికి నువ్వు వాడే గాసియన్ ప్రాసెస్‌కు దానితో దగ్గరి చుట్టరికమనీ ఇప్పుడు తెలిసింది. కొలిచిన చోటుకు దూరమయ్యేకొద్దీ అనిశ్చితి పెరుగుతుంది. తర్వాత ఎక్కడ కొలవాలో తేల్చేటప్పుడు అంచనాతోపాటు ఆ అనిశ్చితినీ లెక్కలోకి తీసుకోవాలి. ఆనాడు మీ తాతకు ఈ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

మూడో పరిశోధన పేపరు కూడా అచ్చుకు నోచుకోక తిరిగి వచ్చిందని చెప్పి ఆ రోజు ఫోను పెట్టేశావు. ఆ మూడూ ఒకే సమస్య మీద, ఒకే పద్ధతిలో రాసినవే కదా? అయితే ఆ ఫలితాలు ఆ చోటు గురించి చెబుతున్నాయి, నీ శక్తి గురించి వాటికేమీ తెలియదు. మానేయాలనుకుంటే నేను అడ్డు చెప్పను, కానీ చెరువుకట్ట వైపు ఒకసారి వేసి చూశాకే ఆ నిర్ణయం తీసుకో. ఉపదేశాలు రాయనని మీ అమ్మకు మాట ఇచ్చాను, నిలుపుకోలేకపోయాను.

పక్షపాతం లేని అంచనాకు, చేతిలో ఉన్న సమాచారం ఇవ్వగలిగినదానికి మించిన కచ్చితత్వం రాదని మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లోనే నిరూపించారు. అందుకే ఊహించడం మాని అడుగుతున్నాను: బాగున్నావా తల్లీ?

వాసు చేత వేరుశనక్కాయలు, నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. రాత్రిపూట పెరుగన్నం మానకు, తలకు నూనె రాసుకో. గురువారం పొద్దున బస్సుకు బెంగళూరు రావాలనుకుంటున్నాను. వద్దనుకుంటే ఆ మాటైనా ఫోను చేసి చెప్పు, నీ గొంతు వింటాను.

ఇట్లు,
మీ నాన్న