పొట్టలో నీరు తీసిన చికిత్స క్లెయిమ్‌ను తిరస్కరించడంపై ఫిర్యాదు

గుంటూరు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
ఆరోగ్య బీమా కంపెనీ ప్రధాన కార్యాలయం

విషయం: మా అమ్మకు చేసిన పారాసెంటెసిస్ (సూదితో పొట్టలోని నీరు తీయడం) చికిత్స క్లెయిమ్‌ను తిరస్కరించడం, ఆ లేఖలో మద్యం ప్రస్తావన తేవడం గురించి.

అయ్యా,

మా అమ్మ జీవితంలో మద్యం ముట్టలేదు. ఫిర్యాదు లేఖ ఈ మాటతో మొదలుపెట్టాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది. కానీ మీరు పంపిన తిరస్కరణ లేఖలో రెండో కారణంగా రాసింది అదే. లివర్ సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) వల్ల పొట్టలో నీరు చేరింది కాబట్టి ఇది మద్యపానం పర్యవసానమనీ, పాలసీలోని 12వ మినహాయింపు కింద క్లెయిమ్ చెల్లదనీ రాశారు. ఏ రిపోర్టు చూసి ఆ నిర్ణయానికి వచ్చారో ఒక్క ముక్క కూడా రాయలేదు.

అమ్మ మునిసిపల్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మీ లేఖ నాకంటే ముందు తనే చదివింది. నేను ఇంటికొచ్చేసరికి ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని ఉంది. "ఇది బయట ఎవరికైనా తెలిస్తే నా గురించి ఏమనుకుంటారమ్మా?" అని అడిగింది. లివర్ జబ్బుతో అంత నీరసంగా ఉన్న మనిషికి మీ వల్ల ఈ అవమానం కూడా తోడైంది. డబ్బు సంగతి తర్వాత, ముందు దీనికే మీరు సమాధానం చెప్పాలి.

లివర్ గట్టిపడిపోవడానికి మద్యం ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల వస్తుంది. షుగరు, అధిక బరువు ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్ ముదిరి వస్తుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్ మీద తిరగబడే జబ్బుల వల్లా వస్తుంది. అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. 2017లో మీ పాలసీ తీసుకున్నప్పుడే ఆ విషయం దరఖాస్తులో రాశాం, ఆ కాపీ జతచేస్తున్నాను. వైరస్ పరీక్షలు రెండూ నెగటివ్. ఫ్యాటీ లివర్ నుంచి వచ్చిన సిర్రోసిస్ అని గ్యాస్ట్రో డాక్టరు డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాశారు. మద్యం అలవాటు ఉందా అనే గడిలో లేదు అని ఆసుపత్రి వాళ్లే నింపారు. ఇవన్నీ మీ చేతికి వచ్చిన కాగితాలే. వాటిని చదివిన వాళ్లెవరూ ఆ రెండో కారణం రాసి ఉండరు.

మొదటి కారణంగా, 24 గంటలు ఆసుపత్రిలో లేరు కాబట్టి ఇది ఔట్ పేషెంట్ చికిత్స అన్నారు. విజయవాడ బందరు రోడ్డులోని మీ ఆఫీసుకు వచ్చి అడిగితే, కౌంటర్లో ఉన్నాయన "నీళ్లు తీయడమంటే ఇంజెక్షన్ లాంటిదే కదండీ" అన్నారు. కాదు. ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

అప్పటికి అమ్మ పొట్ట బిగదీసుకుపోయి ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు. రాత్రిళ్లు గోడకు దిండు పెట్టుకుని కూర్చునే కునుకు తీసేది. నీరు పోవడానికి డాక్టరు ఫ్రూసెమైడ్, స్పైరోనోలాక్టోన్ మాత్రలు ఇచ్చారు, డోసు పెంచారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, ఆవకాయ, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి ఉప్పు లేని పప్పు తింది. అయినా నీరు తగ్గలేదు. మాత్రల వల్ల సోడియం పడిపోయి, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరగడం మొదలైంది. ఇక డోసు పెంచే వీల్లేదు, నీరు తీయాల్సిందేనని డాక్టరు చెప్పాకే కొత్తపేటలోని ఆసుపత్రిలో చేర్చాం.

పొద్దున్నే రక్త పరీక్షలు చేశారు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి, రక్తం గడ్డకట్టే తీరు కూడా మారుతుంది కాబట్టి ఆ లెక్కలు చూశారు. స్కానింగ్ మిషన్ పెట్టి, పేగులకూ రక్తనాళాలకూ తగలని చోటు వెతికి, పొట్ట ఎడమ వైపు కింద గుర్తు పెట్టారు. తిమ్మిరెక్కే మందు ఇచ్చి సూది దించి, దానికి ట్యూబు తగిలించారు. లేత పసుపు రంగు నీరు సంచుల్లోకి దిగుతూ ఉంటే గంటల తరబడి నర్సు బీపీ చూస్తూనే ఉంది. మొత్తం 8 లీటర్లు తీశారు. అందులో కొంత ల్యాబుకు పంపారు. ఆ నీటిలో ఇన్ఫెక్షన్ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒక ఘనపు మిల్లీమీటరులో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు 250 దాటితే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలట. ఆ రిపోర్టు వచ్చేదాకా, బీపీ నిలకడగా ఉందని తేలేదాకా అమ్మను మంచం మీంచి లేవనివ్వలేదు.

మీ పాలసీ పుస్తకంలో డే కేర్ చికిత్సకు ఇచ్చిన నిర్వచనం నా ముందే ఉంది. మత్తు మందుతో గానీ, ఒక్క చోట తిమ్మిరెక్కించి గానీ, ఆసుపత్రిలో 24 గంటల లోపు చేసే చికిత్స అని అందులో ఉంది. సాధారణంగా ఓపీలో చేసేది కాకూడదని కూడా ఉంది, దాన్ని నేను దాచడం లేదు. కానీ 8 లీటర్లు తీసి, నరంలోకి మందు ఎక్కించి, గంట గంటకూ బీపీ చూడాల్సిన పనిని ఓపీ కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారా? అడ్మిట్ చేయడం ఎందుకు తప్పనిసరో డాక్టరు విడిగా రాసిచ్చిన సర్టిఫికెట్ మీకు ముందే పంపాను. మీ లేఖలో దాని ఊసే లేదు.

ఇక మూడోది ఆల్బుమిన్. బిల్లులో సగానికి పైగా ఖర్చు దానిదే. ఒకవేళ క్లెయిమ్ చెల్లినా సరే, ఇది 'ప్రొటీన్ సప్లిమెంట్' కాబట్టి ఇవ్వం అని రాశారు. ఆల్బుమిన్ అంటే పాలలో కలుపుకునే ప్రొటీన్ పొడి కాదు. దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి తీసి, నరంలోకి ఎక్కించే మందు. ఒక్కసారిగా అంత నీరు తీసేస్తే ఒంట్లో రక్తప్రసరణ తలకిందులవుతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. అది జరగకుండా ఆపేది ఈ మందే. 5 లీటర్లకు మించి తీసినప్పుడు లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఇవ్వాలని లివర్ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్కన అమ్మకు 48 నుంచి 64 గ్రాములు కావాలి. ఎక్కించింది 20 శాతం ఆల్బుమిన్, 100 మిల్లీలీటర్ల సీసాలు 3, అంటే 60 గ్రాములు. ఇందులో ఒక్క గ్రాము కూడా అనవసరం లేదు. అప్పటికే క్రియాటినిన్ పెరిగి ఉన్న మనిషికి ఈ మందు ఇవ్వకుండా నీరు తీయమని మీ కంపెనీ డాక్టరెవరైనా సంతకం పెట్టి ఇవ్వగలరా?

బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, కంపెనీలోని సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో వివరంగా చెప్పాలి. మా క్లెయిమ్ ఆ కమిటీ ముందుకు వెళ్లిందా? వెళితే ఆ నిర్ణయం కాపీ ఇవ్వండి. మద్యం అనే మాట అక్కడ ఎవరు, ఏ ఆధారంతో చేర్చారో కూడా అందులో ఉండాలి.

నేను కోరేది ఇది. క్లెయిమ్‌ను తిరిగి తెరిచి, ఆల్బుమిన్‌తో సహా మొత్తం బిల్లు చెల్లించండి. ఆలస్యానికి బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలన్న నిబంధన మీకు తెలిసిందే, అదీ కలపండి. అమ్మ రికార్డుల నుంచి మద్యం ప్రస్తావన తీసేసి, తీసేశామని లేఖ రాయండి. ఆ లేఖ నా పేరు మీద వద్దు, అమ్మ పేరు మీదే, తెలుగులో, క్షమాపణతో రావాలి. అది ఆమె చేతికి ఇవ్వాలి.

ఇంకొక విషయం తొందరగా తేల్చాలి. ఈ నీరు ఒకసారి తీస్తే పోయేది కాదు, మళ్లీ చేరుతుంది. ఇప్పటికే చేరుతోంది కూడా. సాయంత్రానికి అమ్మ పొట్ట మళ్లీ బిగుస్తోంది. "డబ్బు రాదుగా, ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటాలే" అంటోంది. ఊపిరి అందని మనిషి నా ఖర్చు తగ్గించడానికి ఓర్చుకోవడం నేను చూడలేను. వచ్చేసారికి క్యాష్‌లెస్ అనుమతి ఇస్తారో లేదో ముందుగానే రాతపూర్వకంగా చెప్పండి.

నెలలోపు సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం ఇలాగే ఉన్నా, బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతాను. ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. అక్కడ ఇవ్వాల్సిన కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

జతచేసినవి: తిరస్కరణ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు సర్టిఫికెట్, ల్యాబు రిపోర్టులు, ఆల్బుమిన్ బిల్లులు, 2017 నాటి దరఖాస్తు కాపీ. పాలసీ, క్లెయిమ్ నంబర్లు వాటి మీద ఉన్నాయి.

ఇట్లు,
పాలసీదారు
బ్రాడీపేట, గుంటూరు