మా తమ్ముడి స్కాన్ రిపోర్టు విడమరిచి చెప్పినవాళ్ళకి

బండి ప్రమాదంలో తమ్ముడి తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి మాకు అండగా నిలిచినవాళ్ళు చాలామంది. రాత్రుళ్ళు ఐసీయూ బయట మాతో కూర్చున్నవాళ్ళకి, డబ్బు సర్దినవాళ్ళకి, పిల్లల్ని చూసుకున్నవాళ్ళకి ఎదురుగానే చెప్పుకున్నాం, ఎన్నిసార్లయినా చెప్పుకుంటాం. ఇక్కడ రాస్తున్నది మాత్రం మరో రకం సాయం గురించి. వాడి మెదడులో ఏం జరిగిందో, వాడికి ఎందుకు గుర్తుండటం లేదో మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పినవాళ్ళ గురించి. తమ్ముడూ మరదలూ చదివి సరేనన్నాకే పెడుతున్నాను. సాయం చేసినవాళ్ళు పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకి తెలిసిపోతుంది.

ముందుగా రేడియాలజిస్టు గారికి. ఈ డాక్టర్లు మామూలుగా రోగులకి కనపడరు. కవర్లో రిపోర్టు వస్తుంది, కింద సంతకం ఉంటుంది, అంతే. ఆరు నెలల తర్వాత తీసిన ఎమ్మారై రిపోర్టు మాకూ అలాగే చేతికొచ్చింది. అందులో గ్లయోసిస్ అని, ఎన్‌సెఫలోమలేషియా అని, మెదడు పరిమాణం కొంత తగ్గిందని రాసి ఉంది. మొదటి రిపోర్టుల్లో ఈ మాటలు లేవు. మనిషి లేచి తిరుగుతున్నాడు, మాట్లాడుతున్నాడు, కాగితం మీద చూస్తే మునుపటికంటే అధ్వాన్నంగా ఉంది. మరదలు ఆ రాత్రి అన్నం తినలేదు. తెలిసినవాళ్ళ ద్వారా అడిగితే డాక్టరు గారు డ్యూటీ అయ్యాక మమ్మల్ని రమ్మన్నారు. మొదటి రోజు సీటీ, కొన్ని వారాల తర్వాతి ఎమ్మారై, ఈ కొత్త ఎమ్మారై, మూడూ పక్కపక్కన తెరిచి తమ్ముణ్ణి కూడా తెర ముందే కూర్చోబెట్టారు.

మౌస్ తిప్పుతుంటే తల పైనుంచి కిందికి పొర తర్వాత పొర కదిలింది. సీటీలో ఎముక తెల్లగా ఉంటుంది, అప్పుడే కారిన రక్తం కూడా తెల్లగానే కనిపిస్తుంది. వాడికి నుదుటి వెనక రెండు వైపులా, ఎడమ కణత లోపల ఆ తెలుపు ఉంది. దెబ్బ తగిలింది తల వెనక కదా, ముందెందుకుంది అని నాన్న అడిగారు. తల ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు లోపలి మెదడు ముందుకీ వెనక్కీ ఊగుతుందట. నుదుటి భాగం కిందా కణత భాగాల ముందూ పుర్రె లోపలివైపు ఎముక గట్లు గట్లుగా గరుకుగా ఉంటుంది. వెనకవైపు అంత గరుకు కాదు. అందుకని దెబ్బ ఎటు తగిలినా ఈ నుదుటి, కణత భాగాలే (ఫ్రాంటల్, టెంపొరల్ లోబులు) ఎక్కువగా కమిలిపోతాయి. జ్ఞాపకానికీ, ఏకాగ్రతకీ, ఒక పనికి పూనుకోవడానికీ ఆ భాగాలే కీలకం. తలకి దెబ్బ తగిలినవాళ్ళలో ఇంతమందికి మతిమరుపు ఎందుకొస్తుందో నాకు అప్పుడు బోధపడింది.

తర్వాత రెండు ఎమ్మారైలనీ ఒకే పొర దగ్గర ఆపి చూపించారు. కమిలిన చోట చచ్చిపోయిన కణజాలాన్ని శరీరమే మెల్లగా తీసేస్తుంది, ఆ ఖాళీలో నీరు చేరుతుంది, దాన్నే ఎన్‌సెఫలోమలేషియా అని రాస్తారు. చుట్టూ కట్టిన మచ్చ గ్లయోసిస్. "ఇది కొత్త జబ్బు కాదమ్మా, ఆ రోజు తగిలిన దెబ్బే. మానాక ఇలా కనిపిస్తుంది" అన్నారు మరదలితో. ఆ ఒక్క మాటకి ఆవిడ ముఖం మారిపోయింది. కొన్ని వారాలుగా ఆమె మోస్తున్నది ఎంత బరువో నేను ఆ క్షణంలో చూశాను.

ఇంకో రకం చిత్రం కూడా చూపించారు, ఎస్‌డబ్ల్యూఐ అంటారట. రక్తంలోని ఇనుము జాడని పట్టుకోవడానికి తీసే ఎమ్మారై అది. బూడిదరంగు మెదడులో మిరియపు గింజకంటే చిన్న నల్ల చుక్కలు, కొన్ని పైపొరకి దిగువన, కొన్ని కుడి ఎడమ భాగాల్ని కలిపే వంతెన లాంటి చోట. మెదడు మెలిపడినప్పుడు లోపలి పొడవాటి నరాల పోగులు సాగి తెగుతాయి, వాటితోపాటు సన్నటి రక్తనాళాలూ చిట్లుతాయి, ఆ చిట్లిన గుర్తులు ఇవి. డిఫ్యూజ్ ఎక్సోనల్ ఇంజురీ అని రిపోర్టులో ఉన్నది ఇదే. మొదటి రోజు సీటీలో ఇవేవీ కనిపించలేదు. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, ఆపరేషన్ కావాల్సినంత రక్తం కారిందా, ఎముక విరిగిందా అన్నది తేల్చడానికి అదే సరైనది. తెగిన పోగులు దానికి చాలావరకు అందవు. సీటీ మామూలుగా ఉందని ఇంటికి పంపించాక కూడా నెలల తరబడి తలనొప్పితో, మతిమరుపుతో బాధపడేవాళ్ళు ఉంటారని, వాళ్ళ బాధ నిజమైనదేనని ఆయన నొక్కి చెప్పారు. ఈ మాట ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ నల్ల చుక్కలు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయట. వాడు ఎంత బాగుపడినా స్కాన్‌లో అవి కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ప్రతి మూడు నెలలకీ స్కాన్ తీయించి తగ్గిందా అని చూసుకోవడంలో అర్థం లేదని, బాగుపడటం వాడి రోజువారీ పనుల్లో చూడాలని చెప్పారు. రిపోర్టు చివర సైనస్‌లో పొర మందంగా ఉందని ఒక లైను ఉంటే దాని గురించీ భయపడ్డాం. అది జలుబు చేసే ఎంతోమందిలో ఉండేదే, దీనికీ ప్రమాదానికీ సంబంధం లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

లేవబోతుంటే ఆయన తమ్ముణ్ణి అడిగారు, "నీకు వాసనలు తెలుస్తున్నాయా?" వాడు కాసేపు ఆలోచించి, "తెలియడం లేదు సార్" అన్నాడు. అన్ని నెలల్లో ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. వాసన నరాలు నుదుటి భాగం కిందనే సన్నటి ఎముక చిల్లుల్లోంచి వెళతాయి, అక్కడ కమిలినవాళ్ళలో అవి తెగిపోయే అవకాశం ఎక్కువ. గ్యాస్ లీకైనా, ఏదైనా మాడుతున్నా వాడికి తెలియదు, జాగ్రత్తగా ఉండమన్నారు. వారానికల్లా వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించాం. తెర మీద ఒక మచ్చ చూసి మనిషిని ఇలాంటి ప్రశ్న అడగగలిగిన డాక్టరుకి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

న్యూరాలజిస్టు మేడమ్‌కి కూడా మా నమస్కారాలు. డిశ్చార్జి సమ్మరీలో జీసీఎస్ 9 అని ఉంటే పదికి తొమ్మిదేమో అనుకుని నాన్న సంతోషపడ్డారు. అది గ్లాస్గో కోమా స్కేల్, మనిషికి స్పృహ ఎంత ఉందో చూసే కొలత. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు 1974లో తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా 3 ఉంటుంది. 9 అంటే మధ్యస్థం, తీవ్రానికి ఒక్క మెట్టు పైన. ఆవిడ దాన్ని చులకన చేయకుండా, భయపెట్టకుండా చెప్పారు. దానికంటే ముఖ్యంగా ఇంకో ప్రశ్న అడిగారు. ప్రమాదం తర్వాత ఏ రోజు నుంచి వాడికి ఆ రోజు సంగతులు మర్నాటికి వరసగా గుర్తుంటున్నాయి? స్పృహ రావడం వేరు, జ్ఞాపకం మళ్ళీ అతుక్కోవడం వేరు. ప్రమాదం నుంచి ఆ రోజు దాకా పట్టిన కాలం ఎంత పొడుగైతే దెబ్బ అంత తీవ్రమైనదని లెక్క, ఒక వారం దాటితే తీవ్రమైనదిగానే చూస్తారు. వాడికి వారం బాగా దాటింది. ఆ రోజుల్లో వాడు కళ్ళు తెరిచి మాతో మాట్లాడేవాడు, పొద్దున ఫలానా మనిషి వచ్చి వెళ్ళాడని రానివాళ్ళ గురించి చెప్పేవాడు. అది అబద్ధం కాదు, ఖాళీని మెదడు తనకు తెలిసినదానితో పూరించుకుంటోంది, వాదించొద్దు అన్నారు. ప్రమాదం జరిగిన క్షణం, ఆ ముందు కాసేపు అసలు జ్ఞాపకంగా నిలబడనే లేదు కాబట్టి అవి ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చని, గుర్తు చేసుకొమ్మని ఎవరూ వెంటపడొద్దని కూడా ఆవిడే చెప్పారు.

మతిమరుపు మొత్తాన్నీ దెబ్బ మీదకే నెట్టేయకుండా నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటున్నాడా అని అడిగి, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించి, ఫిట్స్ రాకుండా ఇచ్చిన మందు మత్తు కలిగిస్తోందేమో కూడా చూశారు. మందు మార్చాక పగటి మత్తు బాగా తగ్గింది. తలనొప్పి రోజురోజుకీ పెరిగినా, మత్తుగా పడుకుండిపోయినా, వాంతులైనా, ఒక వైపు చెయ్యో కాలో బలహీనపడినా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని రాసిచ్చిన కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

ఇక జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి పరీక్షించి చూసే న్యూరోసైకాలజిస్టు గారు. ఆమె దగ్గర జరిగిన పరీక్ష గురించి రాయకుండా ఉండలేను. 15 మాటల జాబితా చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితా ఐదుసార్లు. తర్వాత వేరే పనులు చేయించి, అరగంటకి మళ్ళీ అడుగుతారు. వాడు నాలుగు చెప్పి ఆగిపోయాడు. తల దించుకుని వేళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు ఆమె మెల్లగా ఒక్కో మాటా తనే చదివి, ఇది జాబితాలో ఉందా లేదా అని అడిగారు. ఒకటి రెండు తప్ప అన్నీ సరిగ్గా పట్టుకున్నాడు. "చూశావా బాబూ, ఇవన్నీ నీ లోపలే ఉన్నాయి. బీరువాలో బట్టలున్నాయి, తాళంచెవి దొరకడం లేదు, అంతే" అన్నారు. వాడు నవ్వాడు. ప్రమాదం తర్వాత తన గురించి ఎవరో మంచిమాట చెప్పగా వాడు నమ్మడం నేను చూసింది అదే మొదటిసారి.

దాన్నిబట్టే మా ఇంట్లో పద్ధతులు మారాయి. పూర్తిగా చెరిగిపోయిన జ్ఞాపకానికి చేసేది వేరు, లోపల ఉండి పైకి రానిదానికి చేసేది వేరు. వాడికి ఒక చిన్న ఆనవాలు అందిస్తే చాలు, మిగతాది వాడే లాక్కొస్తాడు. కొన్ని సంగతులు అసలు లోపలికే వెళ్ళడం లేదని కూడా తేలింది, ఎందుకంటే ఏకాగ్రత నిలవడం లేదు. టీవీ మోగుతుండగా చెప్పింది వాడికి చెప్పనట్టే. ఇప్పుడు టీవీ ఆపి, ఒకరే మాట్లాడి, ఒక్క విషయమే చెప్పి, వాడితో తిరిగి చెప్పిస్తాం. "గుర్తుందా, చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టడం మానేయమన్నారు. ఊహించి తప్పు చెబితే ఆ తప్పే మెదడులో పాతుకుపోతుందట. సరైన జవాబు ముందే చెప్పి, కాసేపాగి అడిగి, ఆ వ్యవధి మెల్లగా పెంచుతూ పోవడం మేలు.

చేతులు నేర్చిన పనులకి వేరే దారి ఉంటుందని కూడా ఆమె చెప్పారు. 1953లో మూర్ఛ కోసం చేసిన ఆపరేషన్లో కొత్త జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని రెండు వైపులా చాలావరకు తీసేయడంతో కొత్త సంగతులేవీ గుర్తుండకుండా పోయిన హెన్రీ మోలైసన్ అనే అమెరికన్ ఉండేవాడు. అద్దంలో చూస్తూ గీత గీయడం మాత్రం రోజురోజుకీ మెరుగ్గా నేర్చుకున్నాడట, నిన్న గీసినట్టు గుర్తు లేకుండానే. మా వాడు కీబోర్డు వాయిస్తాడు. ఆ కథ విన్న సాయంత్రం దుమ్ము దులిపి ముందు పెడితే పాత పాట ఒకటి తడుముకోకుండా వాయించాడు.

రోజువారీ పనులు మళ్ళీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు అబ్బాయి, చిన్నవాడే అయినా పెద్దరికం ఉన్నవాడు, వాడికి ఒకే ఒక్క నోట్‌బుక్కు అలవాటు చేశాడు. చీటీలు నాలుగు చోట్ల పెడితే చీటీ ఎక్కడుందో మర్చిపోవడం కొత్త సమస్య అవుతుందని, ఏదైనా ఆ పుస్తకంలోనే ఉండాలని పట్టుబట్టాడు. ఫోన్ అలారం మోగితే ఎందుకు మోగిందో తెలియాలి కదా, అందుకే ప్రతి అలారంకీ "రాత్రి మాత్ర, నీలం డబ్బా" అని పేరు పెట్టించాడు. పుస్తకం చూసుకోవడం అలవాటయ్యేదాకా ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చూపించాడు. బాబూ, నీ ఓర్పుకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

చివరగా ఒక అక్కయ్య. ఆవిడ భర్తకి కొన్నేళ్ళ క్రితం ఇలాంటి దెబ్బే తగిలింది. మా గురించి ఎవరో చెబితే తనే ఫోన్ చేశారు. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోయిందని మాత్రం అనుకోవద్దు, రెండో ఏడు కూడా కొత్త పనులు నేర్చుకుంటారు అని డాక్టర్లు చెప్పినదాన్నే తన ఇంటి సంగతులతో చెప్పారు. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి చిరాకుపడుతుంటే అది అలసట, మీ మీద కోపం కాదు, ముఖ్యమైన పనులన్నీ పొద్దుటికి పెట్టుకోండి అన్నారు. మరదలితో ఆవిడ ఇప్పటికీ మాట్లాడుతుంటారు. ఆమె ఏడ్చింది ఆవిడ దగ్గరే, మా ఎవరి దగ్గరా కాదు. అక్కా, అందుకు మీకు ప్రత్యేకంగా దండం.

తమ్ముడు ఇప్పుడు ఒక పూట పని చేస్తున్నాడు, ఆఫీసువాళ్ళు కూడా చెప్పేది రాసి ఇస్తున్నారు. పేర్లు ఇంకా తప్పుతున్నాయి, కొత్త దారులు గుర్తుండటం లేదు, వాసన రాలేదు. బండి నడపడానికి డాక్టర్లు ఇంకా ఒప్పుకోలేదు. కానీ నెల కిందట మరదలి పుట్టినరోజు ఎవరూ గుర్తు చేయకుండా పుస్తకంలో చూసుకుని తనే శుభాకాంక్షలు చెప్పాడు. ఇది చదివాక వాడు నాతో అన్న మాట వాడు చెప్పినట్టే రాస్తున్నాను: "అక్కా, వాళ్ళు నా గురించి నాకే చెప్పారు, నా ముందే చెప్పారు, నన్ను పక్కన పెట్టి మీతో మాట్లాడలేదు. అది రాయి."

రాశాను. మీ అందరికీ మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎవరింట్లోనైనా ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచకుండా ఉంటే నాకు రాయండి. నేను డాక్టర్ని కాదు, రిపోర్టు చదివి చెప్పలేను. ఎవర్ని ఏం అడగాలో మాత్రం కూర్చుని ప్రశ్నలు రాసిపెట్టగలను.