పొట్టిదానివంటే నేను ఒప్పుకోను

గుంటూరు

చి. మాధవికి,

నాన్న దీవెనలు. ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. అందుకే ఈ ఉత్తరం. "నేను పొట్టిదాన్ని, వాలీబాల్ నెట్టు మీద చెయ్యి లేవదు, హాస్టల్ వదిలేసి వచ్చేస్తాను" అన్నావు. రావడం నీ ఇష్టం. ఆ కారణం చెప్పి మాత్రం రావద్దు, అది నిజం కాదు కనుక.

మొన్న విజయవాడలో నీ మ్యాచ్ చూస్తూ కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. నీ మీదికి వచ్చిన సర్వీసులు పదకొండు. అందులో, షాటు కొట్టడానికి బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ చేతికి (మీరు సెట్టర్ అంటారు) చక్కగా అందినవి నాలుగు. నీ షాటును అవతలివాళ్లు అడ్డుకుని తీసుకున్న పాయింట్లు రెండే. ఓడింది నెట్టు దగ్గర కాదమ్మా, మొదటి బంతి దగ్గర. అది పక్కకు పోతే ఎంత పొడుగు అమ్మాయి ఉన్నా కొట్టడానికి ఏముంటుంది?

ఫ్లోట్ సర్వీసు సుడి తిరగకుండా వస్తుంది, గాలిలో ఊగుతుంది. నువ్వేమో బంతి నెట్టు దాటాక కదులుతున్నావు. అవతలి అమ్మాయి బంతి ఎగరేసినప్పుడే భుజం ఎటు తిరిగిందో చూడు. ఆమె చెయ్యి తగిలేసరికి నీ కాళ్లు బయలుదేరాలి. చేతులు చాచి అందుకోవాలని చూడకు, కాళ్లతో బంతి వెనక్కి చేరు. ముంజేతులు పలకలా కలిపి భుజాలు సెట్టర్ వైపు తిప్పితే చాలు, ఊపనక్కర్లేదు. షాట్లు కొట్టడం సరదా కనుక సాయంత్రమంతా అవే కొడుతున్నావు. మామిడిపండు తిని అన్నం మానేసినట్టుంది నీ సాధన. రోజుకు యాభై సర్వీసులు అందుకో, తరవాతే షాట్లు.

ఇక ఎగరడం. ఆడవాళ్ల నెట్టు 2.24 మీటర్లు. మన వంటింటి గుమ్మం పక్కన నువ్వు చెయ్యెత్తి గీసిన సుద్దగీత 2.05 దగ్గర ఉంది, ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. దాని మీద నలభై అయిదు సెంటీమీటర్లు ఎగిరితే రెండున్నర మీటర్లు. సరిపోదా? చివరి రెండు అడుగుల్లో మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా, చురుగ్గా పడాలి. నీవి రెండూ ఒకే కొలత. పైగా ఎడమ చెయ్యి పక్కన వేలాడుతోంది. రెండు చేతులూ వెనక్కి పోయి ఊపుగా పైకి వస్తేనే ఒళ్లు లేస్తుంది.

దిగేటప్పుడు రెండు పాదాల మీదా, మోకాళ్లు వంచి దిగు. ఈ మాట చెప్పే హక్కు నాకుంది. 1986లో మనవాళ్లు సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారని విని మా ఊరి పిల్లలం కొబ్బరితాడు కట్టి ఆట మొదలుపెట్టాం. డిగ్రీ రోజుల్లో మాకు ఆట నేర్పినాయన రోజుకు వంద గెంతులు గెంతించేవాడు, దిగడం ఎలాగో ఒక్కనాడూ చెప్పలేదు. గట్టినేల మీద ఒంటికాలితో దిగి దిగి కుడి మోకాలు పాడు చేసుకున్నాను. ఇప్పుడు మెట్లెక్కితే అది కిర్రుమనడం నువ్వూ వింటావుగా.

అసలు నన్ను కంగారు పెట్టింది మూడో సెట్టు. నడుం మీద చేతులు పెట్టుకుని, పెదాలు తెల్లబడి నిలబడ్డావు. సంక్రాంతికి వచ్చినప్పుడు చేయించిన పరీక్షలో హిమోగ్లోబిన్ 10.4. నీ వయసు పిల్లకు 12కు తగ్గకూడదు. కండకు ప్రాణవాయువు మోసేది అదే, అది తక్కువైతే ఎంత సాధన చేసినా కాళ్లు బరువెక్కుతాయి. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రల అట్ట నీ సంచి అడుగున దొరికిందని అమ్మ చెప్పింది, రెండే వాడావట. మాత్ర నిమ్మరసంతో వేసుకో. అన్నం తినగానే టీ తాగకు, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రాత్రి పన్నెండు దాకా ఫోను చూడటం గురించి అమ్మ వేరే రాస్తుందిలే.

లిబెరోగా, అంటే షాట్లు కొట్టకుండా వెనక వరుసలో బంతులు అందుకునే స్థానంలో ఆడమని మీ కోచ్ చెబితే కోపం తెచ్చుకున్నావట. 1998లో ఆ స్థానం వచ్చాక పొట్టివాళ్లకు మంచి దారి దొరికింది. అయినా నీకు కొట్టడమే ఇష్టమైతే కొట్టు, నేను బలవంతపెట్టను.

ఆదివారం తొమ్మిదింటి బస్సుకు వస్తున్నాను. వారధి దాటగానే ఫోన్ చేస్తాను. కొత్త మోకాలి ప్యాడ్లు, అమ్మ చేసిన సున్నుండలు తెస్తాను. నువ్వు గేటు దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రల అట్ట తీసుకురా, లెక్కపెడతాను.

నాన్న