డ్రిల్లు కొనేముందు గోడ సంగతి తెలుసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

సొంతంగా చేసుకోగల ఇంటి పనుల గురించి ఆదివారం సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. సమయానికి మంచి విషయం ఎత్తుకున్నారు. సంక్రాంతి దగ్గర పడేకొద్దీ మా తెనాలిలో రంగులు వేసేవాళ్లూ వడ్రంగులూ దొరకడం గగనమైపోతుంది. ఒక్క ఫొటో తగిలించడానికి మనిషి కోసం వారం రోజులు ఎదురుచూసే బదులు ఎవరి పని వాళ్లు చేసుకుంటే నాకూ సంతోషమే. మా మామగారు పెట్టిన హార్డ్‌వేర్ షాపును ఇప్పుడు నేను నడుపుతున్నాను. మీ వ్యాసంలో ఏయే మిషన్లు కొనాలో, ధర ఎంతో ఉంది. కొన్నాక ఏం చేయాలో లేదు. మా కౌంటర్ దగ్గరికి వచ్చే తంటాలన్నీ ఆ కొన్నాక వచ్చేవే, అందుకే ఈ ఉత్తరం.

బిట్టు ఇవ్వండి, వాల్ ప్లగ్గులు ఇవ్వండి అని అడుగుతారు. బిట్టంటే డ్రిల్లుకు తగిలించే, బెజ్జం వేసే పుల్ల. ప్లగ్గంటే స్క్రూకు పట్టు దొరకడానికి ఆ బెజ్జంలో దూర్చే గొట్టం. మీది ఏ గోడ అని నేనడిగితే ‘గోడే కదమ్మా’ అంటారు. పాత ఇళ్లవి ఎర్ర ఇటుక గోడలు. స్తంభాలూ బీములూ కాంక్రీటు. కొత్త అపార్టుమెంట్లలో చాలాచోట్ల తేలిక ఇటుకలు, అంటే ఏఏసీ బ్లాకులు వాడుతున్నారు. సిమెంటు పూత పూసి రంగు వేశాక అన్నీ ఒకేలా కనబడతాయి. తేడా చెప్పేది రాలే పొడి. బెజ్జం వేసే చోటికి కాస్త కింద ఒక కాగితాన్ని దోనెలా మడిచి టేపుతో అంటించండి. మొదట పూత తాలూకు బూడిద రంగు పొడి రాలుతుంది. పూత దాటాక ఎర్రగా రాలితే ఇటుక. బూడిద రంగే రాలుతూ బిట్టు ముందుకు పోకుండా మొరాయిస్తే కాంక్రీటు. పెద్దగా నొక్కకుండానే బిట్టు దిగిపోతూ, వేళ్లతో నలిపితే పిండిలా ఉండే తెల్లటి పొడి వస్తే తేలిక ఇటుక. కాంక్రీటుకు హ్యామర్ మోడ్, అంటే బిట్టు తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతి, తప్పదు. ఎర్ర ఇటుకకు వాడొచ్చు గానీ బలంగా నొక్కకూడదు. తేలిక ఇటుకకు హ్యామర్ వద్దే వద్దు, బెజ్జం వదులైపోతుంది. వాటి కోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు ఉంటాయి, అడిగి తీసుకోండి. ఆ గోడకు గీజరు మాత్రం సొంతంగా బిగించొద్దు. 25 లీటర్ల గీజరులో నీళ్ల బరువే 25 కిలోలు.

ఊడిపోయిన ప్లగ్గును చేతిలో పట్టుకుని వచ్చేవాళ్లు సరుకు బాగాలేదనే అంటారు. చాలాసార్లు తప్పు సరుకుది కాదు. బెజ్జంలో పొడి మిగిలిపోతే ప్లగ్గు సగం దాకే దిగుతుంది, పట్టంతా పూతలోనే ఉండిపోతుంది. 6 ఎంఎం ప్లగ్గుకు 6 ఎంఎం బిట్టే వాడాలి. బెజ్జం ప్లగ్గు కంటే అర సెంటీమీటరు లోతుగా ఉండాలి. ఆ లోతు దగ్గర బిట్టుకు ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. తర్వాత సైకిల్ పంపుతో పొడి ఊదేయండి, మొహం పక్కకు తిప్పుకుని. బాత్రూం టైలు అయితే మీద కాగితం టేపు అంటించి, హ్యామర్ ఆపి, నెమ్మదిగా తిప్పండి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి, మామూలువి తుప్పు పడతాయి.

అన్నిటికన్నా నాకు భయం కరెంటు దగ్గర. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, అదే మట్టంలో అటూ ఇటూ వైర్లు పోతున్నాయనే అనుకోండి, అక్కడ బెజ్జం వేయొద్దు. పని చేసే గదికి మెయిన్ బోర్డులో ఉండే ఎంసీబీ స్విచ్చు కట్టేసి, డ్రిల్లుకు వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కోండి. ఇన్వర్టరు ఉన్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. ఫ్యాను మార్చడానికో హోల్డరు విప్పడానికో మెయిన్ కట్టేసి ఇక కరెంటు లేదనుకుంటారు. ఇన్వర్టరు నుంచి ఆ ఫ్యాన్లకూ లైట్లకూ కరెంటు వస్తూనే ఉంటుంది. మెయిన్‌తో పాటు దాన్నీ ఆపాలి, ఆపాక టెస్టరు పెట్టి చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న సాకెట్లో పెట్టి చూసుకోవాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు, లేకపోతే డ్రిల్లు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు అది పెట్టించుకోండి. ఎంసీబీ కాపాడేది వైర్లను. షాకు కొట్టినప్పుడు మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ.

ఇప్పుడు మిషన్లు కొనడానికి ఆడవాళ్లూ బాగా వస్తున్నారు. మీరు చేయలేరమ్మా అని నేను ఎవరికీ చెప్పను. చున్నీ తీసేయమని, కొంగు బిగించి దోపుకోమని, జడ ముడి వేసుకోమని మాత్రం తప్పకుండా చెబుతాను. నూలు గ్లౌజులు తొడుక్కుని డ్రిల్లు పట్టుకోవడం జాగ్రత్త కాదు, ప్రమాదం. తిరిగే బిట్టుకు దారం చుట్టుకుందంటే దాంతో పాటు వేలూ పోతుంది. చేతికి ఏమీ లేకపోయినా ఫరవాలేదు, కంటికి అద్దాలు ఉండాలి.

ఇక 4 అంగుళాల గ్రైండరు. వంటింటిది కాదు, చేత్తో పట్టుకుని ఇనుమూ టైళ్లూ కోసే మిషను. దానికి పళ్లున్న కట్టె బ్లేడు ఇమ్మని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మా షాపులో ఇవ్వను, బేరం పోయినా సరే. ఆ మిషను నిమిషానికి పది వేలకు పైగా తిరుగుతుంది. ముడి దగ్గరో మేకు దగ్గరో పన్ను పట్టేసిందంటే మిషను ఎగిరి పట్టుకున్న మనిషి మీదికే వస్తుంది. డిస్కు పట్టదని దాని మీద ఉండే రక్షణ కవచం, గార్డు, విప్పేసి పనిచేసేవాళ్లను చూస్తే నా గుండె ఆగినంత పనవుతుంది. కట్టె కోయడానికి చేతి రంపం ఉంది. నిదానమే గానీ, పదును పెట్టించుకుంటే ఇంటి పనులకు అది చాలు.

పండగలోపు ఇవన్నీ బొమ్మలతో ఒక అరపేజీ వేయమని నా మనవి. కరెంటు భాగం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పే మాస్టారి చేత రాయించండి. పొడి రంగుల ఫొటో కావాలంటే మీ ఫొటోగ్రాఫరును మా షాపుకు పంపండి. ఎర్ర ఇటుకది, కాంక్రీటుది, తేలిక ఇటుకది మూడు పొట్లాలు కట్టి ఉంచుతాను.

ఇట్లు,
హార్డ్‌వేర్ షాపు నిర్వాహకురాలు, తెనాలి